టోపీకాయ చెట్టుకు వంద గజాలు

మొదటి తప్పు చెట్టుదే. ఎన్ని తరాలుగానో నత్తలంక కొసన, పడవల రేవు పక్కన, ఏ పెద్దమనిషి కంటా పడకుండా గుట్టుగా కాపురం చేసుకుంటున్న చెట్టు, ఆ వైశాఖమాసం మిట్టమధ్యాహ్నం పనిగట్టుకుని ఒక ప్రొఫెసరు గారికి నీడనిచ్చింది. పేరూ ఊరూ లేనివాళ్లు పెద్దవాళ్లకు ఉపకారం చేయబోతే ఏమవుతుందో దానికి తెలియదు పాపం. చెట్టు కదా, లోకజ్ఞానం తక్కువ.

నత్తలంక గోదావరి రెండు పాయల మధ్య ఉన్న అరవై గడపల లంక. అక్కడివాళ్లు దాన్ని టోపీకాయ చెట్టు అనేవారు. కాయ ఉసిరికాయంత, నున్నగా, బెల్లం రంగులో ఉంటుంది. తల మీద చిన్న గిన్నె బోర్లించినట్టు టోపీ ఉంటుంది. పిల్లలు ఆ టోపీలు వేళ్లకు తొడుక్కుని బొమ్మలాట ఆడేవారు. నైలాను వలలు రాకముందు జాలర్లు ఆ బెరడు ఉడకబెట్టిన నీళ్లలో వలలు నానబెట్టేవారు. అంతకు మించి ఆ చెట్టు గురించి ఎవరూ ఆలోచించలేదు. అందుకే అది అన్నాళ్లు బతికింది.

చెట్టు పక్కనే పల్లాలమ్మ ఇల్లు. మొగుడు పోయాక దోసపాదులూ వంగమొక్కలూ పెట్టుకుని, ఎవరికీ చెయ్యి చాచకుండా బతుకుతున్న మనిషి. బియ్యం కడిగిన నీళ్లూ, చేపలు కడిగిన నీళ్లూ ఆ చెట్టు మొదట్లోనే పోసేది. ఏటా శివరాత్రి ముందు ఆమె తమ్ముడు బుల్లియ్య, పడవ దాటించేవాడు, కత్తి నడుముకు దోపుకుని చెట్టెక్కి కొమ్మలకు పట్టిన బదనిక కోసి పారేసేవాడు. బదనిక అంటే తెలుసుగా, చెట్టు మీద మొలిచి, చెట్టు రక్తం తాగి, చెట్టు కన్నా పచ్చగా ఉండే మొక్క. పరాన్నజీవి. మనుషుల్లో కూడా ఉంటారు కాబట్టి ఎక్కువ వివరించనక్కర్లేదు.

ఆవేళ పల్లాలమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ తల పైకెత్తిన ప్రొఫెసరు త్రివిక్రమం గారు, గ్లాసు నోటి దగ్గరే పెట్టుకుని పావుగంట అలాగే ఉండిపోయారు. వడదెబ్బ తగిలిందేమోనని ఆమె కంగారుపడి మొహాన నీళ్లు కొట్టింది.

"అమ్మా, ఇది ఏ చెట్టో తెలుసా?" అన్నారు ఆయన నీళ్లు కారుతున్న మొహంతో.

"టోపీకాయ చెట్టండి."

"కాదమ్మా! ఇది బీచ్ చెట్ల కుటుంబానికి చెందిన వృక్షం! సింధూర వృక్షాలని హిమాలయాల్లో ఉంటాయే, విలాయతులో ఓక్ అంటారే, వాటి దాయాది! మొత్తం ప్రపంచంలో ఈ జాతి ఇంకెక్కడా లేదు! ఇదొక్కటే!"

పల్లాలమ్మ చెట్టు వంక జాలిగా చూసింది. "చుట్టాలందరూ అంతంత దూరాన ఉన్నారాండి? అందుకే ఇన్నేళ్లలో ఒక్కరూ వచ్చి చూడలేదు దీన్ని," అంది.

ప్రొఫెసరు గారు పట్నం వెళ్లి వ్యాసం రాశారు. "ప్రపంచంలో ఒకే ఒక్క చోట, నత్తలంక రేవు పక్కన తప్ప భూగోళంపై మరెక్కడా లేని జాతి" అని అందులో పదకొండుసార్లు రాశారు. దానికి ఆయనకు బంగారు పతకం వచ్చింది. చెట్టుకు అరుదైన వృక్షాల పరిరక్షణ మండలి వచ్చింది.

*

మండలి కార్తీకమాసంలో లాంచీ దిగింది. దాని సంరక్షణాధికారి నరహరిరావు గారు నున్నటి బట్టతల, గట్టి కంఠం ఉన్న మనిషి. భార్యతో కూడా "పై విషయమై" అని మొదలుపెట్టి మాట్లాడతారని ప్రతీతి. ఆయన చెట్టుకు నమస్కారం చేసి, చెట్టు పక్కనున్న పల్లాలమ్మ ఇంటిని చూసి, రసంలో ఈగను చూసినట్టు మొహం పెట్టారు.

"ఈ కట్టడం ఏమిటి?"

"ఇల్లండి. నాదేనండి."

"పై విషయమై తెలియజేయడమేమనగా, మండలి నిబంధన ఏడు ప్రకారం, సదరు జాతికి చెందిన సజీవ నమూనా, మొక్క అయినా మాను అయినా, ఎక్కడ కనబడితే అక్కడ, దాని చుట్టూ వంద గజాల మేర నిర్మానుష్య మండలం ఏర్పడును. మానవుల వలన దీని మనుగడకు ముప్పు ఉన్నది."

"మావల్ల ముప్పేంటండి బాబూ? మా తాతల కాడ్నించీ మేవే కదండీ దీన్ని చూసుకుంటన్నాం."

"అదే ముప్పు," అన్నారు నరహరిరావు గారు. "నమూనా మానవ సహాయానికి అలవాటు పడినది. దాని సహజ స్వభావం చెడిపోయినది."

పదిహేను రోజుల గడువిచ్చారు. వంద గజాల్లో పల్లాలమ్మ ఇల్లూ, మరో మూడిళ్లూ, పడవల రేవూ ఉన్నాయి. రేవును కూడా ఖాళీ చేయమన్నారు. గోదావరిని మాత్రం దయతలచి ఉండనిచ్చారు.

పల్లాలమ్మ సామాను లంక రెండో కొసకు మోసుకెళ్లింది. తాటాకులూ, వాసాలూ, రోలూ అయ్యాక, ఆఖరికి మంచినీళ్ల కుండ కింద ఉండే ఇసుకను కూడా గంపకెత్తుకుంటుంటే బుల్లియ్యకు చిరాకొచ్చింది.

"గోదారి మధ్యలో ఉండి ఇసుక మోసుకెల్తావేంటే అక్కా? జనం నవ్విపోతారు!"

"నవ్వనీరా. మా అత్త కాడ్నించీ ఉన్న ఇసుక. దీని చల్లదనం వేరు," అంది ఆమె. ఇల్లు పోయినందుకు ఏడవని మనిషి ఆ ఇసుక ఎత్తుకుంటున్నప్పుడు ఏడ్చింది.

చెట్టు చుట్టూ ముళ్లకంచె వేశారు. కంచెకు బోర్డు కట్టారు. బోర్డుకు తాళం వేశారు. దాన్ని ఎవరు ఎత్తుకుపోతారో మండలికే తెలియాలి. కాపలాకు ఏసుపాదం అనే గార్డును పెట్టారు. అతను కూడా మనిషే కాబట్టి వంద గజాల అవతలే నిలబడాలి. అంత దూరం నుంచి కనబడదని బైనాక్యులర్సు ఇచ్చారు.

రాలిన కాయలన్నిటినీ మండలి స్వాధీనం చేసుకుంది. "విత్తనాలను శాస్త్రీయంగా భద్రపరచవలెను" అని రాజధాని నుంచి ఉత్తర్వు. వరి విత్తనాలకు వర్తించే సూత్రమే దీనికీ వర్తింపజేశారు. నలభై రోజులు సిమెంటు గచ్చు మీద ఎండబెట్టి, గలగలమనేదాకా ఆరబెట్టి, సీసాల్లో పోసి, లక్క ముద్ర వేసి, అవతలి ఒడ్డున ఆఫీసులో పెద్ద ఫ్రిజ్‌లో పెట్టారు.

అవతలి ఒడ్డుకు వెళ్లిన పల్లాలమ్మ, వాటిని ఎండబెడుతుంటే చూసింది. "బాబూ, ఇది ఎండితే చచ్చిపోద్దండి. పచ్చిదే పాతాలండి. తడి ఆరకూడదండి," అని ఆఫీసు గేటు ఇవతల నుంచి మొత్తుకుంది.

"ఏమ్మా, నువ్వేం చదువుకున్నావు?" అని అడిగారు నరహరిరావు గారు.

ఆమె చదువుకోలేదు. అందుచేత కాయలు ఎండాయి. ఆరు నెలల తర్వాత నాటితే ఒక్కటీ మొలవలేదు. మండలి నివేదికలో "విత్తనములు దీర్ఘ విశ్రాంతిలో ఉన్నవి. వాటి విశ్రాంతికి భంగము కలిగించరాదు" అని రాశారు. చచ్చిపోయినవాళ్లందరి గురించీ అలాగే రాయవచ్చు.

*

శివరాత్రి ముందు బుల్లియ్య అలవాటు ప్రకారం కత్తి దోపుకుని కంచె దగ్గరికి వెళ్లాడు. ఏసుపాదం బైనాక్యులర్సులోంచి చూసి, పరిగెత్తుకొచ్చి, చేతులు పట్టుకుని బతిమాలాడు.

"బాబ్బాబు, వద్దు బుల్లియ్యా! వృక్షం మీద ఇనుము ఆనితే ఏడేళ్లు జైలంట. నా ఉద్యోగం కూడా పోద్ది."

"బదనిక తీసెయ్యపోతే చెట్టు పోద్దిరా నాయనా!"

"పోతే ఎవరినీ జైల్లో ఎయ్యరంట. తీస్తేనే ఏస్తారంట. రూలు అట్టాగుంది, నన్నేం చెయ్యమంటావు?"

ఎండాకాలానికి బదనిక చెట్టంతా అల్లుకుని, ఎర్రటి పూలు పూసి, పెళ్లిపందిరిలా తయారైంది. అప్పుడు తనిఖీకి వచ్చారు నరహరిరావు గారు. బైనాక్యులర్సులో చూసి ఆయన పొంగిపోయారు.

"చూశారా! మానవ సంచారం ఆపేసరికి నమూనా ఎంత పచ్చబడిందో! పువ్వులు కూడా పూసింది! ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా ఎర్రగా పూసిందా ఏసుపాదం?"

"లేదు సార్," అన్నాడు ఏసుపాదం. నిజమే చెప్పాడు.

ఇంతలో లంకలో ఇంకో ముచ్చట జరిగింది. మండలి రాకముందే ఏ కాకో ఎత్తుకుపోయి పడేసిన కాయ ఒకటి, కామాడి గంగన్న పెరట్లో మొలిచింది. గంగన్న అమాయకుడు. ప్రపంచంలో రెండో చెట్టు తన పెరట్లో పుట్టిందని మురిసిపోయి, బహుమతి ఇస్తారని తలకు నూనె రాసుకుని, పాపిడి తీసుకుని వెళ్లి మండలికి తెలియజేశాడు. మండలి వచ్చింది. వంద గజాలు కొలిచింది. గంగన్న ఇల్లూ, చుట్టుపక్కల పదకొండిళ్లూ లేచిపోయాయి. మొక్క చుట్టూ కంచె వేశారు. నీళ్లు పోయడం మానవ సహాయం కాబట్టి పోయలేదు. నెల తిరక్కుండా ఎండలకు అది మాడిపోయింది. మొక్క పోయినా, దాని స్మారకంగా వంద గజాలూ ఉండిపోయాయి.

ఆ తర్వాత నత్తలంకలో ఆడవాళ్లు పొద్దున్నే లేచి, వాకిలి ఊడ్చేముందు పెరడంతా వంగి వెతకడం మొదలుపెట్టారు. జానెడు మొలక కనబడితే అటూ ఇటూ చూసి, పీకి, పొయ్యిలో పెట్టేవారు. ఎన్ని తరాల్లోనూ ఆ చెట్టుకు ఒక్క ఆకు హాని చేయని మనుషులు, పరిరక్షణ మండలి వచ్చిన ఏడాదిలో దాని వంశం మీద కక్ష కట్టారు. మండలి లెక్కల్లో మాత్రం "నూతన మొలకలు కానరాలేదు. కావున జాతి అత్యంత అరుదైనదని మరొకసారి రుజువైనది" అని ఉంది.

*

సరిగ్గా అప్పుడే పల్లాలమ్మ కుండ కింద ఇసుకలోంచి మూడు మొలకలు తలలెత్తాయి.

అవి ఎక్కడివంటే, టోపీకాయలు పచ్చివి చేదు. లంకవాళ్లు రాలిన కాయల్ని మంచినీళ్ల కుండ కింద తడి ఇసుకలో నెలా రెండు నెలలు కప్పెట్టి ఉంచేవారు. చేదు దిగాక వేయించి, పొడికొట్టి, పిల్లలకు విరేచనాలైతే బెల్లంతో కలిపి పెట్టేవారు. కార్తీకంలో ఇల్లు ఖాళీ చేసేముందు పల్లాలమ్మ కూడా గుప్పెడు కప్పెట్టింది. ఆ హడావుడిలో మరిచిపోయింది. ఇసుకతో పాటు అవీ కొత్తింటికి వచ్చాయి. కుండలోంచి చుక్కా చుక్కా చెమ్మ దిగుతూనే ఉంది. శాస్త్రీయంగా భద్రపరచకపోవడం వల్ల అవి బతికాయి.

ముందు చూసింది ఏసుపాదం. మంచినీళ్లకు వచ్చి, చెంబు ఎత్తబోతూ ఆగిపోయాడు. బోర్డు మీద బొమ్మలో ఉన్న ఆకు అదే.

"పిన్నీ," అన్నాడు నెమ్మదిగా, "నేను చూడలేదు. నాకు మధ్యాహ్నం ఎండలో చూపు ఆనదు. కానీ రేపు ఇంకోడు చూస్తే ఈ ఇల్లూ పోద్ది, చుట్టూ ఉన్న ఇరవై ఇళ్లూ పోతాయి."

విషయం విన్న బుల్లియ్య గుండె బాదుకున్నాడు. "పీకెయ్యవే అక్కా! ఒక్క గుంజుడు! ఇంక ఎక్కడికెల్లి ఉంటావు? లంక అయిపోయింది, ఇంక గోదాట్లో దిగడవే!"

పల్లాలమ్మ ఇసుక ముందు కూర్చుంది. చెయ్యి చాపింది. లేతాకులు ఎలుక చెవుల్లా మెత్తగా ఉన్నాయి. అవతల పెద్ద చెట్టును బదనిక తినేస్తున్న సంగతి ఆమెకు తెలుసు. ఆఫీసులో సీసాల్లో ఉన్నవి ఎప్పుడో చచ్చాయనీ తెలుసు. ఇవి పోతే ఇంక లేదు. ఇవి ఉంటే ఆమెకూ, ఇరుగుపొరుగుకూ కొంప లేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నావల్ల కాదురా," అంది. "చంటిపిల్లని నూతిలో ఎయ్యమన్నట్టుంది. ఒకటి ఆళ్లకే ఇచ్చేస్తాను. సర్కారోళ్ల చెట్టు సర్కారోళ్లే పెంచుకుంటారు. కాళ్లు పట్టుకుని, మిగతావి కూడా తీసుకుపోండని, మా ఇళ్ల జోలికి మాత్రం రావొద్దని అడుగుతాను."

"అడిగితే ఇంటారా ఆళ్లు?"

"ఇనపోతే అప్పుడే చూద్దాం."

*

ఆషాఢంలో అవతలి ఒడ్డున మండలి కొత్త కార్యాలయానికి ప్రారంభోత్సవం జరిగింది. రెండంతస్తుల భవనం, పక్కన అధికారుల క్వార్టర్లు, చల్లటి గదులున్న అతిథిగృహం. ఒకే ఒక్క చెట్టును కాపాడటానికి ఆ మాత్రం భవనాలు ఉండొద్దూ? రాజధాని నుంచి ప్రధానాధికారి గారు వచ్చారు. ప్రొఫెసరు త్రివిక్రమం గారు పతకం మెడలో వేసుకుని వచ్చారు. భవనం ముందు గొయ్యి తవ్వి, చుట్టూ ముగ్గు వేసి, వెండి తాపీ పెట్టారు. ప్రధానాధికారి గారు స్వహస్తాలతో మొక్క నాటాలి.

అన్నీ ఉన్నాయి గానీ మొక్క లేదు. నర్సరీ నుంచి రావలసిన లారీ వచ్చింది, కానీ అందులో మొక్కలు రెండు రోజుల ఎండకు కట్టెపుల్లలయ్యాయి. నరహరిరావు గారి బట్టతల మీద చెమటలు పట్టాయి. ప్రధానాధికారి గారి కారు గేటు దాటింది.

సరిగ్గా అప్పుడు, చిన్న మట్టిపిడతలో మొక్క పెట్టుకుని పల్లాలమ్మ ఎదురొచ్చింది.

"అయ్యా, దణ్ణవండి. ఈ మొక్క..."

"ఇటివ్వు!"

"అది కాదు బాబూ, ఇది ఏ మొక్కంటే..."

"ఏదైతేనేం! పచ్చగా ఉంది కదా! అవతలికి పద, అవతలికి పద!"

బ్యాండు మోగింది. ప్రధానాధికారి గారు వెండి తాపీతో మట్టి వేశారు, వెండి చెంబుతో నీళ్లు పోశారు. పన్నెండు మంది ఫొటోలు తీశారు. చప్పట్లు కొట్టారు. అందరితో పాటు చప్పట్లు కొడుతూ మొక్క వైపు చూసిన ప్రొఫెసరు గారి చేతులు గాల్లో ఆగిపోయాయి. ఆయన మోకాళ్ల మీద కూలబడి, ఆకు తిప్పి చూసి, గావుకేక పెట్టారు.

"ఇదే! ఇదే! టోపీకాయ చెట్టు! సజీవ నమూనా!"

"నేను మొదట్నించీ అదే చెప్తన్నానండి," అంది పల్లాలమ్మ వెనక నుంచి. "మీరు ఇనిపించుకోలేదండి."

ప్రధానాధికారి గారికి విషయం చప్పున అర్థం కాలేదు. "మంచిదే కదా!" అన్నారు సంతోషంగా. అప్పుడు ఆయన సహాయకుడు చెవిలో నిబంధన ఏడు చదివాడు. మొక్క నుంచి భవనం గుమ్మం పద్నాలుగు గజాలు. క్వార్టర్లు నలభై. అతిథిగృహం డెబ్బై. ఆవేళ వంట చేస్తున్న పందిరి తొంభై. బ్యాండు ఆగిపోయింది.

"ఖాళీ చేయడానికి గడువు ఎంత?" అని అడిగారు ప్రధానాధికారి గారు సన్నటి గొంతుతో.

"పదిహేను రోజులండి," అంది పల్లాలమ్మ. "మాకూ అంతే ఇచ్చారండి."

తలుపులు వేసుకుని నాలుగు గంటలు సమావేశం జరిపారు. లోపలి మాటలు కిటికీలోంచి వరండాలో కూర్చున్న పల్లాలమ్మకు వినబడుతూనే ఉన్నాయి. పీకేద్దామన్నారు ఒకరు. పీకితే ఏడేళ్లు జైలు, పైగా నాటినట్టు పన్నెండు ఫొటోలు. నిబంధన మార్చుదామన్నారు ఇంకొకరు. మార్చాలంటే ఇన్నాళ్లూ లంకలో లేపేసిన ఇళ్ల సంగతి ఎవరైనా అడుగుతారు. ఆఖరికి నరహరిరావు గారే గొంతు సవరించుకున్నారు.

"పై విషయమై నా మనవి ఏమనగా, ఆచార్యుల వారి వ్యాసము ఆధారముగా వెలువడిన రాజపత్రము ప్రకారము సదరు జాతి నత్తలంక రేవు పక్కన తప్ప భూగోళముపై మరెచ్చటను లేదు. ఈ మొక్క నత్తలంక రేవు పక్కన లేదు. కావున ఇది సదరు జాతి కాదు."

గంగన్న పెరడు కూడా రేవు పక్కన కాదని ఎవరూ గుర్తు చేయలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"అన్యాయం!" అన్నారు ప్రొఫెసరు గారు. "ఆకు అదే! కాడ అదే! నేను శాస్త్రజ్ఞుణ్ణి!"

"ఆచార్యా, ఇంకెక్కడా లేదని పదకొండుసార్లు రాసింది తమరే," అన్నారు నరహరిరావు గారు మర్యాదగా. "ఇది అదే అయితే మీ వ్యాసం తప్పు. వ్యాసం తప్పయితే పతకం..."

ప్రొఫెసరు గారి చెయ్యి మెడలో పతకం మీదికి వెళ్లింది. కాసేపటికి అదే చేత్తో సంతకం పెట్టారు. పెడుతున్నప్పుడు కళ్లు తుడుచుకున్నారని చెప్పుకోవాలి. అంతవరకు ఆయన మంచివాడు.

తలుపులు తెరుచుకున్నాయి. "ఏమ్మా, నువ్వింక వెళ్లొచ్చు," అన్నారు నరహరిరావు గారు. "ఇది అది కాదు."

పల్లాలమ్మ కదల్లేదు. "అయ్యా, ఇదే కుండ కింద, ఇదే ఇసుకలో, దీని తోడబుట్టినవి ఇంకో రెండున్నాయండి మా ఇంట్లో. ఇది అది కాకపోతే, అవీ అది కాదు కదండీ?"

నరహరిరావు గారు మనసులో లెక్క వేసుకున్నారు. అదే అని రాస్తే ఇక్కడున్న దాని తోబుట్టువు కూడా అదే అవుతుంది. ఆయన చెమట తుడుచుకున్నారు.

"కాదు," అన్నారు.

"కాగితం మీద రాసియ్యండి బాబూ. రేపు మీరు బదిలీ అయిపోతే ఇంకో దొర వచ్చి అదే అంటాడు. మా లంకోళ్లకి ఇళ్లు ఖాళీ చేసే ఓపిక ఇంక లేదండి."

రాసిచ్చారు. "నత్తలంక నివాసిని పల్లాలమ్మ ఇంటియందలి మొక్కలు, వాటి సంతతి, సంతతి యొక్క సంతతి, సదరు అరుదైన జాతికి చెందినవి కావని, పేరు లేని సాధారణ మొక్కలని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." కింద మూడు సంతకాలు, ఒక గుండ్రటి ముద్ర. పల్లాలమ్మ దాన్ని కొంగున ముడేసుకుని, పడవెక్కి, అవతలి ఒడ్డు వచ్చేదాకా ముడి మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

*

తొమ్మిదేళ్లు గడిచాయి. ఆఫీసు ముందు నాటిన మొక్కకు దిక్కులేదు. అది ఏ మొక్కో తేలలేదు కాబట్టి దానికి నీళ్లు పోయడం ఏ గుమస్తా బాధ్యతో కూడా తేలక, నాటిన నెలకే పోయింది. రేవు పక్కన పెద్ద చెట్టు ఆకుల్ని బదనిక తినేసింది, ఆ పైన కొమ్మల్ని తినేసింది, తినడానికి ఇంకేమీ లేక తనూ చచ్చింది. ఆఖరి వరదకు మాను కూలిపోయింది. కంచె మాత్రం చెక్కుచెదరలేదు.

కానీ లంకలో, పల్లాలమ్మ ఇంటి ముందు రెండు, గంగన్న కొత్త పెరట్లో ఒకటి, బుల్లియ్య పడవ కట్టేచోట ఒకటి, మొత్తం మీద నలభై దాకా పేరు లేని చెట్లు దిట్టంగా ఎదిగాయి. పెరట్లో మొలక కనబడితే పీకడం మాని, పల్లాలమ్మ మొక్కల సంతతేనని చెప్పి పెంచుకున్నారు. ఏటా శివరాత్రి ముందు బుల్లియ్య కత్తి దోపుకుని ఎక్కి బదనిక కోస్తాడు. ఎవరూ అడగరు. సాధారణ చెట్లు కదా.

పెద్ద చెట్టు కూలిందని తెలిసి మండలి సంతాపసభ పెట్టింది. ఇప్పుడు ప్రధానాధికారి నరహరిరావు గారే. రేవు దగ్గర ఎండ మాడ్చేస్తోందని, సభను లంక రెండో కొసన, పల్లాలమ్మ ఇంటి ముందు నీడలో పెట్టారు. నరహరిరావు గారు గద్గద స్వరంతో మాట్లాడారు.

"పై విషయమై నా హృదయం ద్రవిస్తున్నది. ఒక జాతి భూగోళం నుండి శాశ్వతంగా నిష్క్రమించినది. మనం చేయగలిగినదంతా చేశాము. ఇక ఆ ఆకు, ఆ కాయ, ఏ నేత్రమూ చూడజాలదు."

ఏ నేత్రమూ అన్నచోట టప్‌మని ఒక కాయ ఆయన బట్టతల మీద పడి, ఎగిరి, మైకు పక్కన ఆగింది. దాని తల మీద చిన్న టోపీ ఉంది.

సభ అయ్యాక అందరూ లాంచీ వైపు వెళ్లారు. ఆయన ఒక్కరూ కాయను అరచేతిలో పెట్టుకుని, పల్లాలమ్మ అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మనిషి ముసలివాడయ్యాడు. జుట్టు మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

"ఇదేం చెట్టమ్మా?" అన్నారు.

"పేరు లేదండి బాబూ. మీరే రాసిచ్చారు కదండీ. కాగితం ఉంది, తెమ్మంటారా?"

"వద్దులే." ఆయన తల ఎత్తి కొమ్మల్లోకి చూశారు. ఏమనిపించిందో గానీ, మామూలు మనిషిలా "పై విషయమై" లేకుండా మాట్లాడారు. "బాగా పెంచావమ్మా. ఈ కాయ ఒకటి నేను తీసుకెళ్లనా? మా పెరట్లో వేసుకుంటాను."

పల్లాలమ్మకు ఆయన మీద కోపం ఎప్పుడో పోయింది. "తీసుకెల్లండి. కానీ ఎండబెట్టకండేం? నాటేదాకా కుండ కింద తడిసుకలో పెట్టండి."

"మా ఇంట్లో కుండ లేదమ్మా. ఏం పర్వాలేదు, ఫ్రిజ్ ఉంది. పెద్దది."

పల్లాలమ్మ ఆయన మొహం వంక ఒక్క క్షణం చూసి, చెయ్యి చాపింది.

"అయితే ఇలా ఇచ్చేయండి బాబూ," అంది.